తనంతట తానే ఆగే మీట



మన వెల్దుర్తి చుట్టుపక్కల బోరు కింద మిరప, పత్తి వేసే ఇళ్లలో పుట్టినవాళ్లకి ఆటో స్టార్టరంటే ఏమిటో చెప్పక్కర్లేదు. త్రీఫేజు కరెంటు ఏ వేళకి వచ్చినా సరే, రైతు ఇంట్లో పడుకుని ఉన్నా సరే, మోటారు దానంతట అదే మొదలవుతుంది. సుఖమే. కాని దానికి మొదలుపెట్టడం ఒక్కటే తెలుసు, ఆపడం తెలియదు. మడి నిండినా, గట్టు తెగి పక్కవాడి చేలోకి నీళ్లు పోయినా, కరెంటు పోయేదాకా అట్లా నడుస్తూనే ఉంటుంది. మిరపకి నీళ్లు లేకపోయినా ముప్పే, వేళ్ల దగ్గర నీళ్లు నిలిచినా ముప్పే.

మన ఒంట్లో దీనికి సరిగ్గా తిరగేసిన ఏర్పాటు ఒకటి ఉంది. అది దానంతట అది మొదలవదు, ఎవరో ఒకరు వచ్చి మొదలుపెట్టాలి. మొదలయ్యాక మాత్రం కొంతసేపటికి దానంతట అదే ఆగిపోతుంది. కణం పెరగాలా వద్దా, సరుకు ఎటు పోవాలి, నాడీకణం కొమ్మ ఎటు సాచాలి, చదివిన పాఠం మెదడులో నిలవాలా వద్దా అనే పనులన్నిటి దగ్గరా ఈ మీటలే కూర్చుని ఉంటాయి. వీటిని జి.టి.పి.యేజ్‌లు అంటారు. ఇవి ఒక ప్రోటీన్ల కుటుంబం. ఇందులో చిన్న మీటలే మనిషిలో 150కి పైగా ఉన్నాయి. చిన్నవాటిలో రాస్, రో, రాబ్, ఆర్ఫ్, రాన్ అని అయిదు శాఖలు. వీటికి వరసకి అన్నలయ్యే పెద్ద మీటలు, అంటే జి-ప్రోటీన్లు, వేరే ఉన్నాయి. అందరి గురించీ చెప్పడానికి ఈ గోడ చాలదు. ఈ మీటల్లో ఆగడం అనేది ఎంత ముఖ్యమో, అది చెడితే మనిషికి ఏమవుతుందో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందు పేరు సంగతి. పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైము అమైలేజ్, కొవ్వును విడగొట్టే ఎంజైము లైపేజ్ అని మన పాఠాల్లో చదువుతాం గదా. ఆ లెక్కన జి.టి.పి.ని విడగొట్టేది జి.టి.పి.యేజ్. జి.టి.పి. అంటే గ్వనోసిన్ ట్రై ఫాస్ఫేటు. ఒక తల, దానికి మూడు ఫాస్ఫేటుల తోక. చివరి ఫాస్ఫేటు తెగితే రెండు మిగులుతాయి, అప్పుడది జి.డి.పి. అవుతుంది. అంతకుమించి రసాయనశాస్త్రం మనకి ఇక్కడ అక్కర్లేదు.

ఈ మూడు ఫాస్ఫేటుల తోక మాట వస్తే మన తెలుగువాడొకర్ని తలచుకోకుండా ముందుకి పోలేం. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికా వెళ్లి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఫాస్ఫరస్ ఎక్కడెక్కడ ఉందో వెతుకుతూ 1929లో ఏ.టి.పి.ని వేరుచేసి చూపారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్నే కనుక్కున్నాడు. మన జి.టి.పి. ఆ ఏ.టి.పి.కి తోడబుట్టిందే. తోక ఒకటే, తల వేరు. కణంలో ఏ.టి.పి. కూలి డబ్బులాగా ప్రతి పనికీ ఖర్చవుతుంది. మనం చెప్పుకునే మీటల్లో జి.టి.పి. మాత్రం కూలి డబ్బు కాదు, పని మొదలుపెట్టమని ఇచ్చే చీటీ లాంటిది.

ఇప్పుడు మీట ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. పక్కన ఎర్ర స్కెచ్ పెన్నుతో వేసిన బొమ్మ ఒకసారి చూసి రండి. ప్రోటీనులో ఒక గుంట ఉంది. ఆ గుంటలో జి.డి.పి. ఉన్నంతసేపూ మీట పడుకుని ఉంటుంది. గుంటలో జి.టి.పి. పడితే ప్రోటీనులోని రెండు చేతులు ముందుకొచ్చి ఆ మూడో ఫాస్ఫేటుని బిగించి పట్టుకుంటాయి. చేతులు బిగిసినప్పుడే పక్క ప్రోటీను వచ్చి దీన్ని పట్టుకోగలదు, కబురు అందుకోగలదు. మూడో ఫాస్ఫేటు తెగిందా, పట్టుకోవడానికి ఏమీ లేక చేతులు వదులైపోతాయి. కబురు ఆగిపోతుంది. తెగ్గొట్టేది ఎవరు? ఆ మీటే. తన చీటీని తానే చింపేసుకునే కూలీ అన్నమాట.

ఇద్దరు సహాయకులున్నారు. పాత జి.డి.పి.ని గుంటలోంచి ఊడదీసే ప్రోటీన్లను ‘గెఫ్’ అంటారు. ఊడదీస్తే చాలు, కణంలో జి.డి.పి. కంటే జి.టి.పి. సుమారు పది రెట్లు ఎక్కువ కాబట్టి ఖాళీ గుంటలో పడేది ఎక్కువసార్లు జి.టి.పి.యే. ఇక రెండోవాడు ‘గాప్’. మీట తన చీటీని తాను చింపుకుంటుంది గాని, బద్ధకంగా చింపుకుంటుంది. రాస్ అనే మీటకి ఒంటరిగా అయితే పదుల నిమిషాలు పడుతుంది. గాప్ వచ్చి తన వేలొకటి ఆ గుంటలోకి దూరిస్తే ఆ పని లక్ష రెట్ల వేగంతో, కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. వేలు అన్నది ఊరికే అనలేదు. 1997లో జర్మనీ శాస్త్రజ్ఞులు రాస్, గాప్ రెండూ అతుక్కుని ఉండగా స్ఫటికం చేసి ఫోటో తీసినట్టు చూశారు. గాప్‌లోని ఆర్జినిన్ అనే అమినో ఆమ్లం నిజంగానే వేలులాగా గుంటలోకి పొడుచుకొచ్చి ఉంది. శాస్త్రజ్ఞులు కూడా దాన్ని ‘ఆర్జినిన్ వేలు’ అనే పిలుస్తారు.

ఈ వేలుని గుర్తుపెట్టుకోండి. క్యాన్సరు కథ అంతా ఈ వేలు దూరడానికి చోటుందా లేదా అన్నదాని మీదే నడుస్తుంది.

ఎలుకల్లో కంతులు పుట్టించే వైరస్‌లను 1960లలో కనుక్కున్నారు. వాటిలోని జన్యువుకి ‘రాట్ సార్కోమా’ అనే మాటల నుంచి రాస్ అని పేరు వచ్చింది. రాట్ అంటే ఎలుక, సార్కోమా అంటే ఒక రకం క్యాన్సరు గడ్డ. తర్వాత తేలిందేమిటంటే ఆ జన్యువు వైరస్ సొంతం కాదు, మామూలు కణాల్లో ఉండేదాన్నే అది ఎత్తుకుపోయింది. మనందరిలోనూ రాస్ ఉంది. ఉండాలి కూడా. కణానికి ‘పెరుగు, చీలు’ అనే కబురు బయటినుంచి వస్తే లోపలికి మోసేది అదే. మరి అందరికీ ఉన్నప్పుడు అందరికీ క్యాన్సరు రాదేం? క్యాన్సరు కణంలోని రాస్‌కీ, మంచి కణంలోని రాస్‌కీ తేడా ఏమిటి?

ఈ ప్రశ్నకి జవాబు 1982 నవంబరులో వచ్చింది. ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో రెండు బృందాలు ఒకే సంగతి బయటపెట్టాయి. ఒకటి రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం. రెండోది అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థలో పనిచేస్తున్న బృందం. ఆ రెండో వ్యాసంలో మొదటి పేరు ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. ఆయన హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. చేసి అమెరికా వెళ్లినవారు. తర్వాత క్యాన్సరు జన్యువుల మీద ‘ఆంకోజీన్’ అనే పరిశోధన పత్రిక పెట్టినవారిలోనూ ఉన్నారు. వాళ్లు ఒక మనిషి మూత్రాశయపు క్యాన్సరు కణాల్లోంచి రాస్ జన్యువుని తీసి, మంచి కణంలోని రాస్ జన్యువుతో అక్షరం అక్షరం పోల్చారు. తేడా ఒకే ఒక్క అక్షరం. జి.జి.సి. అని ఉండాల్సిన చోట జి.టి.సి. అని ఉంది. దానివల్ల 189 అమినో ఆమ్లాల ప్రోటీనులో 12వది మారింది. గ్లైసిన్ పోయి వాలిన్ వచ్చింది.

ఒక్క అక్షరం తప్పు పడితే మార్కు పోతుందని మనకి తెలుసు. ఇక్కడ అంత పని ఎందుకయ్యింది? గ్లైసిన్ అమినో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నది. పన్నెండో చోటు సరిగ్గా ఆ గుంట అంచున ఉంటుంది. అక్కడ గ్లైసిన్ ఉంటే గాప్ వేలు దూరడానికి సందు ఉంటుంది. గ్లైసిన్ కంటే లావుగా ఉండే దాదాపు ఏ అమినో ఆమ్లం వచ్చి కూర్చున్నా ఆ సందు మూసుకుపోతుంది. వేలు దూరదు, చీటీ చిరగదు, మీట ఆగదు. ‘పెరుగు, చీలు’ అని బయట ఎవ్వరూ చెప్పకపోయినా లోపల ఆ మాట మోగుతూనే ఉంటుంది. మన ఆటో స్టార్టరు మోటారే. 1982లో తెలిసింది అక్షరం తేడా. అది ఎందుకు ప్రాణం తీస్తుందో కళ్లారా చూడటానికి 1997 దాకా పట్టింది.

మనుషుల క్యాన్సర్లలో అయిదింట ఒకటి దాకా ఈ రాస్ కుటుంబపు మార్పులతో ఉంటాయి. మందు మాత్రం తొందరగా దొరకలేదు. ప్రోటీను నున్నగా ఉంటుంది, మందు పట్టుకోవడానికి గుంట గాని గాటు గాని కనిపించదు, ఉన్న ఒక్క గుంటనీ జి.టి.పి. వదలదు. దీనికి మందు లేదు, రాదు అని చాలామంది చేతులెత్తేశారు. 2013లో కాలిఫోర్నియాలో కెవన్ షోకట్ బృందం 12వ చోట సిస్టీన్ వచ్చిన రాస్‌లో చిన్న గాటు ఒకటి కనిపెట్టింది. ఆ దారిన వచ్చిన సోటోరాసిబ్ అనే మందుకి 2021లో అమెరికాలో అనుమతి దొరికింది. 1982 నుంచి లెక్కపెడితే 39 ఏళ్లు. అదీ ఆ ఒక్క రకం మార్పు ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సరుకి. ఇంకో మాట కూడా చెప్పాలి. 12వ చోట సిస్టీన్ వచ్చే ఆ రకం మార్పు పొగతాగేవాళ్లలోనే ఎక్కువ. బీడీ, చుట్ట, సిగరెట్ ఏదైనా పొగ పొగే. తాత తాగాడు, ఏమీ కాలేదు అనే వాదన అందరూ చేసేదే. ఆ అక్షరం ఎవరి కణంలో ఎప్పుడు మారుతుందో తాతకీ తెలియదు, మనకీ తెలియదు.

ఇక ఇంటికి దగ్గర కథ. కలరా.

ఇందాక పెద్ద మీటలు ఉన్నాయన్నాం గదా, జి-ప్రోటీన్లు. వాటిని కనుక్కున్నందుకు ఆల్ఫ్రెడ్ గిల్మన్, మార్టిన్ రాడ్‌బెల్‌లకి 1994లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇవి కూడా జి.టి.పి. పడితే లేస్తాయి, దాన్ని తామే చింపుకుని పడుకుంటాయి. కలరా క్రిమి పేగులోకి వెళ్లి విషం ఒకటి వదులుతుంది. ఆ విషం సంగతి 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగుల మీద ప్రయోగాలు చేసి తేల్చారు. ఆ విషం పేగు కణంలోపలికి పోయి చేసే పని ఏమిటంటే, అక్కడున్న జి-ప్రోటీను మీటలో చీటీ చింపడానికి పనికొచ్చే ఆర్జినిన్‌కి ఒక బరువు తగిలిస్తుంది. మళ్లీ ఆర్జినినే చూడండి. అంతే, మీట ఆగదు. పేగు కణాల తలుపులు తెరుచుకుపోయి ఒంట్లో ఉప్పు, నీళ్లు బయటికి పోవడం మొదలవుతుంది. మన సాగర్ డ్యాముకి 26 క్రస్టు గేట్లున్నాయి. అన్నీ ఎత్తేసి మళ్లీ దించే మనిషి లేకపోతే ఏమవుతుందో అదే. పెద్ద మనిషి ఒంట్లోంచి గంటకి లీటరు దాకా పోవచ్చు. పసిపిల్లలకైతే అంత అవసరమే లేదు, కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ మీటని ఆపే మందు లేదు. అయినా మనిషిని బతికించొచ్చు. ఎట్లాగంటే పేగు కణంలో ఇంకో దారి ఉంది. చక్కెర, ఉప్పు కలిసి వస్తే రెంటినీ జోడుగా లోపలికి లాక్కునే దారి. వాటి వెంట నీళ్లూ లోపలికి వస్తాయి. కలరా విషం ఆ దారిని ముట్టుకోదు. ఓ.ఆర్.ఎస్. పనిచేసేది ఆ దారినే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వేళ బన్‌గావ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ సెలైను సీసాలు అయిపోతే ఈ నీళ్లే తాగించి వేలమందిని నిలబెట్టారు. ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చెంచాలు గోపురం కట్టకుండా తలకొట్టి పోయాలి. ఉప్పు ఎక్కువైతే మేలుకి బదులు కీడు. విరేచనాలప్పుడు నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువ పోతాయని నీళ్లు మానిపించే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. గేటు నోరు తెరుచుకుని ఉన్నప్పుడు పైనుంచి వచ్చే నీళ్లు ఆపితే చెరువు ఇంకా తొందరగా ఎండుతుందే తప్ప నిలవదు. విరేచనాలన్నీ కలరా కాదు, కాని ఈ నీళ్ల సంగతి అన్నిటికీ వర్తిస్తుంది.

ఇంతదాకా ఆగని మీటల సంగతి. మరీ ముందే ఆగిపోయినా ఇబ్బందే. దానికి మన హైదరాబాదులోనే తేల్చిన ఒక ఉదాహరణ ఉంది.

కణం లోపల సరుకు తిరుగుతూ ఉంటుంది. చిన్నచిన్న సంచుల్లో ప్రోటీన్లు ఒక చోటనుంచి ఇంకో చోటకి పోతాయి. ఏ సంచి ఎక్కడికి పోవాలో ఎట్లా తెలుస్తుంది? మాచర్ల బస్టాండులో బస్సులన్నీ ఒకే రంగులో ఉన్నా ముందున్న బోర్డు చూసి ఎక్కుతాం గదా. సంచి మీద ఆ బోర్డు పని చేసేవి రాబ్ మీటలు. మనుషుల్లో 60కి పైగా ఉన్నాయి, ఒక్కో రూటుకి ఒక్కొక్కటి అనుకోండి. బస్సు చేరాక బోర్డు తిప్పేసినట్టు, సంచి చేరాక రాబ్ ఆగిపోవాలి.

రాబ్8 అనేది అందులో ఒకటి. కణంలోకి ఇనుమును తెచ్చే ప్రోటీను ఒకటి ఉంది. ఇనుము దించాక అది మళ్లీ కణం పైపొరకి చేరాలి. ఆ తిరుగు ప్రయాణానికి రాబ్8 కావాలి. హైదరాబాదు హబ్సీగూడలో సి.సి.ఎం.బి. అనే పెద్ద పరిశోధనశాల ఉంది. అక్కడ ఘనశ్యామ్ స్వరూప్, వేగేశ్న రాధ, వాళ్ల విద్యార్థులు కలిసి ఆప్టిన్యూరిన్ అనే ప్రోటీను మీద చాలా ఏళ్లు పనిచేశారు. దాంట్లో 50వ అమినో ఆమ్లం మారితే కొన్ని కుటుంబాల్లో నీటికాసులు, అంటే గ్లాకోమా వస్తుంది. కంటినుంచి మెదడుకి కబురు మోసే నాడీకణాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు అది. చూపు పక్కలనుంచి తగ్గుతూ వస్తుంది కాబట్టి మనిషికి చాలాకాలం తెలియదు. 2012లో వాళ్లు ప్రచురించిన సంగతి ఇది. ఆప్టిన్యూరిన్ ఒక చేత్తో రాబ్8ని పట్టుకుంటుంది, ఇంకో చేత్తో దాన్ని ఆపే గాప్‌ని తెచ్చి పక్కన కూర్చోబెడుతుంది. మామూలుగా అయితే అది అదుపు. ఆ 50వ చోటు మారిన ఆప్టిన్యూరిన్ ఉంటే అదుపు మితిమీరి రాబ్8 చేయాల్సిన పని చేయకముందే ఆగిపోతుంది, తిరుగు ప్రయాణం కుంటుపడుతుంది. బస్సు ఊరు చేరకముందే బోర్డు పీకేసినట్టు.

కంటి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. చీకట్లో చూడటానికి ఉన్న దండకణాల్లో ట్రాన్స్‌డ్యూసిన్ అని ఒక జి-ప్రోటీను ఉంది. వెలుగు పడితే లేస్తుంది, దాన్ని ఆపడానికి ఆర్.జి.ఎస్.9 అనే గాప్ ఉంది. ఆ గాప్ పని సరిగా జరగని అయిదుగురు మనుషుల గురించి 2004లో రాశారు. వాళ్లకి గుడ్డితనం లేదు. చీకట్లోంచి వెలుతురులోకి వస్తే కొన్ని సెకన్లపాటు ఏమీ కనిపించదు, వేగంగా వచ్చే బంతి కనిపించదు. ముందు పడిన వెలుగు తాలూకు కబురు ఇంకా ఆగకపోతే కొత్త కబురుకి చోటెక్కడ?

ఇదే మాట మెదడుకి ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక్కోదానికీ కొమ్మలుంటాయి, కొమ్మల మీద తుమ్మముళ్లలాగా చిన్న మొటికెలుంటాయి. ఒక కణం ఇంకో కణానికి కబురు అందించేది ఎక్కువగా ఆ మొటికెల దగ్గరే. కొత్త సంగతి నేర్చుకున్నప్పుడు కొన్ని మొటికెలు లావెక్కుతాయి, కొన్ని కొత్తగా మొలుస్తాయి, వాడనివి సన్నబడతాయి. ఎక్కం బట్టీ పట్టడమంటే చివరికి ఈ మొటికెల పనే. వాటి లోపల ఆక్టిన్ అనే దారాలు గుంజల్లాగా నిలబడి ఉంటాయి. ఆ గుంజల్ని ముందుకు పొడిగించేవి రాక్, సి.డి.సి.42 అనే మీటలు. వెనక్కి లాగేది రో. ముగ్గురూ ఒకే శాఖవాళ్లు. ఒకరు లేస్తే ఇంకొకరు పడుకోవాలి. నాడీకణం మొదట్లో కొమ్మ సాచేటప్పుడు కూడా ఇట్లాంటి మీటలే దారి చూపిస్తాయి. వేగేశ్న రాధ గారి బృందమే 2008లో సి3జి అనే గెఫ్ గురించి రాసింది. రాప్ అనే మీటని లేపే గెఫ్ అది. మనిషి నాడీకణాలుగా మారగల కణాలను గాజుపాత్రలో పెంచి చూస్తే, అవి కొమ్మలు సాచడానికి, బతకడానికి కూడా సి3జి కావాలని తేలింది.

రాస్ కూడా మెదడులో ఉంది. ఇక్కడ దాని పని కణాన్ని చీల్చడం కాదు, నాడీకణాలు పెద్దయ్యాక చీలవు. ఒక మొటికెకి గట్టి కబురు వస్తే అక్కడ రాస్ లేస్తుంది. 2008లో అమెరికాలో సజీవ కణంలో చూస్తే, ఒక మొటికెలో లేచిన రాస్ కొమ్మవెంట 10 మైక్రోమీటర్ల మేర పక్క మొటికెల్లోకీ పాకింది. మిల్లీమీటరులో నూరోవంతు. మడి నిండి పక్క మడికి పారినట్టే. కొంచెంగా పారితే పక్క మొటికె కూడా నేర్చుకోవడానికి సిద్ధమవుతుంది. మరీ పారితే? ఏది నేర్చుకోవాలో ఏది వద్దో తేడా చెరిగిపోతుంది. అందుకని మొటికెల దగ్గర గాప్‌లు కాపలా ఉంటాయి. సిన్‌గాప్ అందులో ముఖ్యమైనది. 1998లో దాన్ని కనుక్కున్నారు. 2009లో, ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడిన పిల్లల్ని గుర్తించారు. మాటలు ఆలస్యం, చదువు అందకపోవడం, చాలామందిలో మూర్ఛలు. 1998లోనే రో మీటని ఆపే ఆలిగోఫ్రెనిన్ అనే గాప్ చెడితే కూడా మగపిల్లల్లో బుద్ధిమాంద్యం వస్తుందని తేలింది.

ఇక్కడ ఆగి ఒక మాట. ఏ తండాలో, ఏ గూడెంలో చూసినా ఒకరిద్దరు పిల్లలుంటారు. ఒకే ముక్క పదిసార్లు చెప్పినా నిలవదు. ఇంట్లోవాళ్లు తాయెత్తు కడతారు, లేకపోతే తల్లి చేసుకున్న పాపమంటారు. బడిలో మొద్దు అంటారు. ఒకటి రెండేళ్లలో ఆ పిల్ల బడి మానేసి మిరపకాయల కోతకి పోతుంది. ఆ పిల్లలందరికీ గాప్‌లే చెడ్డాయని కాదు, కారణాలు చాలా ఉంటాయి. పుట్టేటప్పుడు ఊపిరాడకపోవడం, చెవులు సరిగా వినపడకపోవడం, కడుపునిండా తిండి లేకపోవడం. కాని ఏ కారణమైనా అది సోమరితనం కాదు. బెత్తంతో కొడితే గాప్ పుట్టదు.

వీటిలో మనం కంటితో గుర్తుపట్టగలిగేది ఒకటుంది. న్యూరోఫైబ్రోమటోసిస్ అంటారు, మొదటి రకం. దాని జన్యువుని 1990లో పట్టుకున్నారు. అది తయారుచేసే ప్రోటీను కూడా రాస్‌ని ఆపే గాపే. సుమారు 3,000 మందిలో ఒకరు దీనితో పుడతారు. ఒంటి మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు ఆరు గాని అంతకుమించి గాని ఉంటాయి. చిన్నపిల్లల్లో అర సెంటీమీటరు దాటి, ఈడొచ్చాక ఒకటిన్నర సెంటీమీటర్లు దాటి. చంకల్లో చిన్న చుక్కలు, పెద్దయ్యేకొద్దీ చర్మం మీద మెత్తటి కాయలు. ఒకటి రెండు మచ్చలు చాలామందికి ఉంటాయి, వాటికి భయపడొద్దు. ఆ కాయలున్న మనిషిని బస్సులో పక్కన కూర్చోనివ్వని వాళ్లున్నారు. అంటుకునే జబ్బు కాదిది, ముట్టుకుంటే రాదు. మేనరికం వల్ల వచ్చేదీ కాదు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకి రావచ్చు, కాని సగంమందిలో ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది. ఎవరి తప్పూ లేదు.

ఈ జబ్బున్న పిల్లల్లో సగంమందికో ఇంకా ఎక్కువమందికో చదువులో ఇబ్బంది ఉంటుంది. తెలివి లేక కాదు. మనసు ఒకచోట నిలపడం, చూసి రాయడం, లెక్కలో వరస తప్పకపోవడం, వీటి దగ్గర తడబడతారు. 2002లో ఆల్సినో సిల్వా బృందం ఇదే జన్యువు చెడిన చిట్టెలుకల్ని తీసుకుని, వాటి మెదడులో మితిమీరిన రాస్‌ని కొంచెం తగ్గించింది. అంతకుముందు నేర్చుకోలేని దారిని ఆ ఎలుకలు నేర్చుకున్నాయి. అంటే వాటి మెదడు పాడైపోలేదు, మీట ఆగక ఇబ్బంది పడుతోంది, అంతే. ఆ ఆశతో రాస్ పనిని తగ్గించే స్టాటిన్ మందుల్ని పిల్లలకి ఇచ్చి చూశారు. ఎలుకల్లో వచ్చిన ఫలితం పిల్లల్లో రాలేదు. నరాల వెంట పెరిగి ఆపరేషనుకి లొంగని పెద్ద కాయలకి మాత్రం 2020లో సెల్యుమెటినిబ్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. అది రాస్‌ని ముట్టుకోదు, రాస్ నుంచి కబురు అందుకునే వాళ్లలో ఒకడి నోరు నొక్కుతుంది.

చదువుకి ఇప్పటికి పనికొచ్చేది బడిలో చేసేదే. అట్లాంటి పిల్లని ముందు బెంచీలో కూర్చోబెట్టడం, ఒకేసారి నాలుగు పనులు చెప్పకుండా ఒక్కొక్కటే చెప్పడం, పరీక్షలో కొంత ఎక్కువ సమయం ఇవ్వడం, నల్లబల్ల మీదిది రాసుకోలేకపోతే పక్కవాళ్లు నోట్సు ఇవ్వడం. మచ్చలు ఆరు లెక్క తేలితే 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు బడికి వచ్చినప్పుడు చొక్కా తీసి చూపించండి. సిగ్గుపడి దాచుకోవద్దు. కంటి పరీక్ష కూడా అడగండి, ఈ జబ్బులో కంటి నరం మీద కూడా గడ్డ పెరగవచ్చు, చిన్నతనంలోనే చూస్తే చూపు దక్కే అవకాశం ఎక్కువ.